వైజ్ఞానిక కల్పనా వ్యూహక్రీడలు: గుణదోష విచారణ

తెలుగువారు చదరంగం అన్నా, ఉర్దూవారు షత్రంజ్ అన్నా మూలం ఒక్కటే. రెండు పేర్లూ సంస్కృతంలోని చతురంగం నుండి పుట్టినవే. అరవైనాలుగు గళ్ళ ఆటను మన పూర్వులు కేవలం కాలక్షేపంగా గాక, బుద్ధికి సానపట్టే సాధనంగా కూడ భావించినారు. ఆ వంశంలో జన్మించినవే కంప్యూటర్ తెరపై ఆడే వ్యూహక్రీడలు. వీటిలో అంతరిక్షాన్ని, భవిష్యత్కాలాన్ని రంగస్థలంగా చేసుకొని 1990వ దశకంలో వెలువడినవి నేటికీ ఆదరణ పొందుతూ ఉన్నవి. పెద్దలలో కొందరు వీటిని కాలహరణమని నిరసిస్తారు. అభిమానులు అది స్వర్ణయుగమని కీర్తిస్తారు. ఈ రెండు తీర్పులలో ఏ ఒక్కటీ సమగ్రం కాదని మా అభిప్రాయం.

ముందుగా 1992లో వెస్ట్‌వుడ్ స్టూడియోస్ వారు వెలువరించిన 'డ్యూన్ 2'ను పరిశీలిద్దాం. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నాటి నవల దీనికి ఆధారం. ఎడారి గ్రహంలో దొరికే స్పైస్ అనే అమూల్య ద్రవ్యాన్ని యంత్రాలతో సేకరించి, ఆ ధనంతో కర్మాగారాలను, యుద్ధశకటాలను సమకూర్చుకోవాలి. యంత్రాన్ని ఇసుకలోకి పంపకపోతే ఆదాయం లేదు. పంపితే ఇసుకపురుగు మింగివేసే ప్రమాదం ఉన్నది. ఇంత చిన్న నియమంలో అర్థశాస్త్రమంతా ఇమిడి ఉన్నదనవచ్చు. అయితే ఇందులో ఒక పెద్ద లోపం కలదు. పది శకటాలను కదిలించాలంటే పదింటికీ విడివిడిగా ఆజ్ఞలివ్వాలి. సేనాపతి కావలసిన ఆటగాడు గుమాస్తాగా మారిపోతాడు. 1998లో బ్లిజార్డ్ వారి 'స్టార్‌క్రాఫ్ట్' వచ్చేనాటికి ఈ బాధ తగ్గినది గాని, అందులోనూ ఒక్కసారి పన్నెండుకు మించి సైనికులను ఎన్నుకొనే వీలు లేదు. ఏ పోలికా లేని మూడు జాతులను సమానబలంతో నిలబెట్టగలిగినందువల్లనే ఆ లోపాన్ని జనం సహించినారు. దక్షిణ కొరియాలో ఆ ఆట పోటీలను టెలివిజన్‌లో చూసేంతగా ఆదరించినారు.

1994లో జూలియన్ గాలప్ రూపకల్పనతో, మైక్రోప్రోస్ ప్రచురణగా వచ్చిన 'యూఎఫ్ఓ: ఎనిమీ అన్‌నోన్' మరొక మెట్టు పైనున్నది. అమెరికాలో దీనిని 'ఎక్స్‌కామ్' అన్నారు. గ్రహాంతరవాసుల దాడి నుండి భూమిని రక్షించే సంస్థకు పదహారు దేశాలు ధనసహాయం చేస్తాయి. వాటిలో భారతదేశం కూడ ఒకటి. రక్షణలో విఫలమైతే ఆ దేశాలు ఒక్కొక్కటిగా శత్రువుతో ఒడంబడిక చేసుకొని తొలగిపోతాయి. ఇందులో ప్రతి సైనికునికీ ఒక పేరుంటుంది. అతడు చనిపోతే ఇక తిరిగి రాడు. నెలల తరబడి తీర్చిదిద్దిన వీరుడు ఒక్క తొందరపాటు అడుగుతో నేలకూలినప్పుడు, ఆటగాడికి నిర్ణయమన్న మాటకు అర్థం తెలిసివస్తుంది. అయితే దోషాలూ తక్కువేమీ కాదు. లేజర్ ఫిరంగులను తయారుచేసి అమ్ముకుంటే దేశాల ధనసహాయంతో పనే ఉండదు. తొలి ప్రచురణలో, ఆటగాడు ఎంత కఠినమైన స్థాయిని కోరుకున్నా, భద్రపరచిన ఆటను తిరిగి తెరవగానే అది చడీచప్పుడు లేకుండా అతి సులభస్థాయికి జారిపోయేది. ఆట మరీ తేలికగా ఉన్నదన్న విమర్శను విని 1995లో వచ్చిన తరువాయి భాగాన్ని మితిమీరిన కఠినంగా చేసినారు. రోగాన్ని గుర్తించకుండా మందు వేసినట్లయినది.

1993 నాటి 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' నక్షత్రమండలాల మీద సామ్రాజ్యం నిర్మించే ఆట. ఇందులో ఏ జాతికీ అన్ని శాస్త్రవిద్యలూ లభించవు. ఏవి లభిస్తాయో ఆట ఆటకూ మారుతుంది. కాబట్టి కంఠస్థం చేసిన వ్యూహం ఇక్కడ చెల్లదు. ఉన్నదానితో సంసారం దిద్దుకొనే నేర్పే కావాలి. దీని లోపం ప్రత్యర్థిలో ఉన్నది. ఆనాటి కంప్యూటర్‌కు లోతుగా ఆలోచించే శక్తి చాలదు. అందుచేత కఠినస్థాయిలలో దానికి ఉత్పత్తిలో అదనపు రాయితీలు కల్పించినారు. పరీక్షలో ఒక విద్యార్థికి ముందుగానే మార్కులు కలిపి ఇవ్వటం వంటిదే ఇది.

ఈ ఆటను పరిచయం చేస్తూ అలన్ ఎమ్రిక్ అనే విమర్శకుడు ఇట్టి క్రీడల లక్షణాలను నాలుగు మాటలలో చెప్పినాడు: అన్వేషణ, విస్తరణ, వినియోగం, నిర్మూలన. మా ప్రధానమైన అభ్యంతరం ఈ నాలుగవ మాట మీదనే. మౌస్‌తో పడే శ్రమ, ప్రత్యర్థి మందబుద్ధి సాంకేతిక దోషాలు. కాలం వాటిని సరిదిద్దగలదు. కాని మనకు తెలియని జాతి ఎదురైతే, దాని నిర్మూలనే విజయమన్న భావం మనోదోషం. ఓరియన్‌లో సభలో ఓట్ల ద్వారా గెలిచే మార్గం లేకపోలేదు. అయినా, ఒక గ్రహవాసులందరినీ నశింపజేసినప్పుడు తెరపై ఒక అంకె సున్నా అవుతుంది; ఆటగాడి మనస్సు కలత చెందదు. భిన్నమైన భాషలూ ఆచారాలూ గలవారి నడుమ జీవించే మనం ఈ విషయాన్ని తేలికగా తీసుకోరాదు.

ఇందుకు భిన్నమైన మార్గాన్ని 1999లో ఫిరాక్సిస్ వారి 'ఆల్ఫా సెంటారీ' చూపినది. అందులోని ఏడు వర్గాలు ఏడు సిద్ధాంతాలకు ప్రతినిధులు. శాంతిరక్షక వర్గానికి ప్రవీణ్ లాల్ అనే భారతీయుణ్ణి నాయకునిగా కల్పించినారు. పరగ్రహంలోని భీకరమైన పురుగులు మొదట శత్రువులుగా తోస్తాయి. పోనుపోను ఆ గ్రహానికే ఒక చైతన్యమున్నదని బోధపడుతుంది. యుద్ధం చేయకుండా గెలిచే మార్గాలున్నవి. దౌర్జన్యానికి పాల్పడితే తక్కిన వర్గాలు వర్తకం నిలిపివేసి శిక్షిస్తాయి. ఇందులోనూ కంప్యూటర్ ప్రత్యర్థి బలహీనుడే. చివరిఘట్టంలో పదుల కొద్దీ స్థావరాలను చూసుకోవటం విసుగు పుట్టిస్తుంది. అయినను, ఎట్లా గెలిచామన్న ప్రశ్నను ఎవరిని గెలిచామన్న ప్రశ్నతో సమానంగా నిలిపినందుకు దీనికి మేము అగ్రస్థానమిస్తాము.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఒక్కటే. ఈ ఆటలను పూర్తిగా నిషేధించటం గాని, విచ్చలవిడిగా వదలటం గాని తగదు. మొదటి స్టార్‌క్రాఫ్ట్‌ను 2017లో ఉచితంగా ఇచ్చినారు. 'కమాండ్ అండ్ కాంకర్' ఆటల మూలసంకేతంలో కొంతభాగాన్ని 2020లో బయటపెట్టినారు. కంప్యూటర్ విద్యార్థులకు ఇది చక్కని పాఠ్యసామగ్రి. వారానికొక సాయంత్రం, పెద్దల పర్యవేక్షణలో ఇందుకు అవకాశం కల్పిస్తే మేలు జరుగుతుందని మా విశ్వాసం.

విద్యార్థి మిత్రులారా! గడియారాన్ని పక్కనుంచుకొని ఆడండి. ఓడినప్పుడు కారణం వెతకండి. గెలిచినప్పుడు, ఆ గెలుపు కోసం దేనిని నాశనం చేసినామో ఒక్క క్షణం ఆలోచించండి. ఆట నేర్పే విద్యలలో ఈ చివరిదే కష్టమైనది, మిన్నయైనది.