నగర వాయువులో పాదరసం కొలత

నగర వాయువులో పాదరసం కొలత అనగా పట్టణ ప్రాంతపు గాలిలో కలిసిన పాదరసం ఎంత ఉన్నదో నిర్ధారించడం. పాదరసం గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉండి, నెమ్మదిగా ఆవిరయ్యే లోహం. ఆ ఆవిరికి రంగు, వాసన లేవు. పీల్చిన ఆవిరిలో సుమారు 80 శాతం శరీరంలోనికి చేరుతుంది. మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బొగ్గు దహనం, సిమెంటు కర్మాగారాలు, చెత్త కాల్చడం, పగిలిన ట్యూబ్‌లైట్లు, థర్మామీటర్లు నగరాలలో దీనికి ముఖ్య మూలాలు.

పరిమాణాలు

గాలిలోని పాదరసాన్ని ఘనపు మీటరుకు నానోగ్రాములలో (గ్రాములో వందకోట్లవ వంతు) చెబుతారు. ఉత్తరార్ధగోళంలో కాలుష్య మూలాలకు దూరంగా ఉన్న గాలిలో ఇది సుమారు 1.5 నానోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కొరకు 2000లో వెలువరించిన మార్గదర్శకాలలో వార్షిక సగటు పరిమితి 1000 నానోగ్రాములు. జ్వరం చూసే పాత థర్మామీటరులో దాదాపు ఒక గ్రాము పాదరసం ఉంటుంది. అది పూర్తిగా ఆవిరైతే పది లక్షల ఘనపు మీటర్ల గాలిని ఆ పరిమితికి చేర్చగలదు.

సాధారణ నగర వీధిలో గాఢత ఈ పరిమితికి ఎంతో దిగువనే ఉంటుంది. అలాగని కొలవడం అనవసరమని భావించరాదు. గాలిలోని పాదరసం వర్షంతో, ధూళితో నేలకు, నీటికి చేరుతుంది. అక్కడ సూక్ష్మజీవుల వలన మిథైల్ పాదరసంగా మారి చేపలలో పేరుకుంటుంది. ముప్పు చివరకు ముక్కు ద్వారా కాక భోజనం ద్వారా వస్తుంది. పైగా 1.5 ఉండవలసిన చోట 5 కనిపిస్తే సమీపంలో ఏదో మూలం ఉన్నదని అర్థం.

కొలిచే విధానం

బంగారపు ఉంగరంపై పాదరసం పడితే తెల్లబడిపోతుందన్న సంగతి స్వర్ణకారులందరికీ తెలుసు. ప్రధాన పద్ధతి ఈ గుణం మీదనే ఆధారపడి ఉన్నది. గాలిని బంగారపు పూత ఉన్న గొట్టం గుండా పంపితే పాదరసం బంగారానికి అంటుకుంటుంది. తరువాత గొట్టాన్ని బాగా వేడిచేసి, విడుదలైన ఆవిరిని ఆర్గాన్ వాయువుతో తీసుకుపోయి, 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో పరీక్షిస్తారు. నిమిషానికి లీటరు చొప్పున ఐదు నిమిషాలు గాలి తీస్తే, స్వచ్ఛమైన చోట గొట్టంలో చేరేది 7.5 పికోగ్రాములు మాత్రమే. పికోగ్రాము నానోగ్రాములో వెయ్యవ వంతు. గొట్టంలో ఏ కొద్ది మలినమున్నా లెక్క తప్పుతుంది.

బంగారం లేకుండా గాలిని నేరుగా ఈ కాంతిలో పరీక్షించే చేతి పరికరాలు కూడా కలవు. వీటిని వాహనంలో ఉంచి వీధి వీధి తిరుగుతూ కొలవవచ్చు. అయితే ఓజోను, వాహనాల పొగలోని బెంజీను వంటివి కూడా ఈ కాంతినే పీల్చుకుంటాయి. కనుక రద్దీ కూడళ్ళలో, తగిన సవరణ లేని పరికరం పాదరసం లేనిచోట ఉన్నట్లు చూపగలదు. విచిత్రమేమంటే నగరాలలోని ఓజోను మాపకాలు వాడేది పాదరసపు దీపాన్నే. వాటి చుట్టూ పాదరసపు ఆవిరి ఎక్కువైతే అవి దానిని ఓజోనుగా లెక్కిస్తాయి.

గాలిలో అధిక భాగం మూలక రూపంలోని ఆవిరి. ఇది నెలల తరబడి నిలిచి దేశాలు దాటుతుంది. మిగిలిన కొద్ది భాగం ఆక్సీకరణ చెందిన వాయురూపం, ధూళికి అంటిన రూపం. ఇవి పుట్టిన చోటికి దగ్గరలోనే రాలుతాయి కనుక స్థానికులకు ఇవే ముఖ్యం, కొలవడానికి కష్టమైనవి కూడా ఇవే. ఆక్సీకరణ రూపాన్ని పట్టే పొటాషియం క్లోరైడు గొట్టాలు తేమ, ఓజోను ఎక్కువైనచోట అసలు కంటే తక్కువ చూపుతాయని 2010 తరువాతి పరిశోధనలలో తేలినది. తేమగాలి వీచే తీర నగరాలలో ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి.

భారతదేశంలో

2009 నవంబరులో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాలలో 12 కాలుష్యకాలు ఉన్నవి. లోహ జాతివి సీసం, ఆర్సెనిక్, నికెల్ మాత్రమే, పాదరసం లేదు. ఈ మూడింటిని ధూళిని పట్టే వడపోత కాగితం నుండి కొలుస్తారు. పాదరసపు ఆవిరి ఆ కాగితం గుండా దాటిపోతుంది. కనుక జాబితాలో మరొక పేరు చేర్చినంత మాత్రాన పని జరగదు, వేరే పరికరాలు కావాలి. రోజూ పత్రికలలో వచ్చే గాలి నాణ్యతా సూచీ పాదరసం గురించి ఏమీ చెప్పదు.

2015 డిసెంబరులో తాప విద్యుత్కేంద్రాల పొగకు ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాముల పరిమితి విధించారు. కొత్త కేంద్రాలతో పాటు పాతవాటిలో పెద్ద యూనిట్లకు ఇది వర్తిస్తుంది. ఇది పొగగొట్టంలో కొలిచేదే తప్ప నగరపు గాలిలో కాదు. గంధకాన్ని తొలగించే యంత్రాలు నీటిలో కరిగే ఆక్సీకరణ పాదరసాన్ని కూడా కొంత పట్టుకుంటాయి. 2025 జూలైలో అధిక సంఖ్యాక కేంద్రాలకు ఆ యంత్రాల నుండి మినహాయింపు ఇచ్చినందున ఈ అదనపు ప్రయోజనం తగ్గుతుంది. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018 జూన్‌లో ధ్రువీకరించినది.

ఖరీదైన పరికరాలు లేనిచోట జీవజాలమే సాక్ష్యమివ్వగలదు. తమిళనాడులోని కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన థర్మామీటర్ల కర్మాగారం పరిసరాలలో, చెట్లపై పెరిగే లైకెన్లు, నాచులలోని పాదరసాన్ని హైదరాబాదులోని జాతీయ పదార్థ సంఘటన విశ్లేషణ కేంద్రం శాస్త్రవేత్తలు కొలిచి 2003లో ప్రచురించారు. వంటలో వాడే రాతిపువ్వు ఒక లైకెనే. వేర్లు లేని ఈ జీవులు గాలి నుండే లోహాలను గ్రహిస్తాయి కనుక, కర్మాగారం మూతపడిన తరువాత కూడా అంతకుముందు వీచిన గాలి జాడ వాటిలో మిగిలి ఉన్నది.