మీటకు ఆవల

మొన్న వేసవి సెలవులకు మాచవరం వెళ్ళాను. రాత్రి భోజనాలు కాగానే కరెంటు పోయింది. ఇంటిల్లిపాదీ ఆరుబయట మంచాలు వాల్చుకున్నాం. మా మేనత్త విసనకర్ర ఊపుకుంటూ, "ఏందిరా అబ్బాయ్, సాగరాన్ని పక్కన పెట్టుకొని మనకీ చీకటేంది?" అని నిలదీసింది.

పాఠం చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది? మొదలుపెట్టాను.

నాగార్జునసాగరం దగ్గర పైనుండి దూకే నీరు చక్రాలను తిప్పుతుంది. ప్రధాన విద్యుత్కేంద్రంలో మొదటి యంత్రం 1978లో తిరిగింది. ఇప్పుడున్న ఎనిమిదింటి శక్తి కలిపి 815.6 మెగావాట్లు. కాని నదిలో నీరుంటేనే వాటి సందడి. వేసవిలో ముందు మనుషుల గొంతు తడవాలి గదా!

అందుకే విజయవాడ పక్కన, ఇబ్రహీంపట్నంలో, 1979 నుండి బొగ్గు మండుతున్నది. బొగ్గును పిండిచేసి కొలిమిలోకి ఊదుతారు. ఆ వేడికి గొట్టాలలోని నీరు ఆవిరై, టర్బైను రెక్కలను తోసి తిప్పుతుంది. పని తీరిన ఆవిరిని చల్లార్చి మళ్ళీ నీరు చెయ్యటానికి కృష్ణ నీరే కావాలి. సాగరం దగ్గర దూకి చాకిరీ చేసిన కృష్ణమ్మకు అక్కడా విశ్రాంతి లేదన్నమాట!

"అయితే మనింటికొచ్చేది ఏ కరెంటురా?"

"నాలుగు కాలవలు ఒకే చెరువులో పడితే ఏ నీరు ఏ కాలవదని చెప్పగలం అత్తయ్యా? తీగలన్నీ కలిసే ఉన్నాయి."

ఎవరి ఇంట్లో ఏ దినుసుంటే ఆ వంట అన్నట్లు, దేశాలూ అంతే. కొండలూ వాగులూ ఉన్న నార్వేలో కరెంటు దాదాపు అంతా నీటిదే. ఐస్లాండులో నీటికి తోడు భూగర్భంలోని వేడి ఉంది. ఫ్రాన్సులో సుమారు మూడింట రెండువంతులు అణువు నుండి వస్తుంది. మన దేశానికి దొరికింది బొగ్గు. ఎండనుండీ గాలినుండీ తీయటం ఏటేటా పెరుగుతున్నా, ఈనాటికీ ఇంచుమించు నాలుగింట మూడువంతులు బొగ్గు కరెంటే.

యూనిట్టు కరెంటుకు రమారమి ఆరేడు వందల గ్రాముల బొగ్గు పడుతుంది. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్టు. అంటే రాత్రంతా హాయిగా నిద్రపోతే ఎక్కడో అరకిలో బొగ్గు కాలినట్లు. మన దేశపు బొగ్గులో మూడోవంతుకు అటూ ఇటూగా బూడిదే. దానిని సిమెంటులో కలుపుతారు, ఇటుకలు చేస్తారు. మిగిలినది గుట్టపడుతుంది. గాలి లేచిందంటే ఆ చుట్టుపక్కల ఇల్లాళ్ళు ఆరేసిన బట్టలమీదా, పిల్లల ఊపిరిలోనూ పడుతుంది. పొగ సంగతి సరే సరి, దానికి ఊరూ లేదు, పొలిమేరా లేదు.

మా అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా కట్టెల పొయ్యిలో బూడిద మేమే ఎత్తి పోసుకొనేవాళ్ళం. ఇప్పుడు వెలుగు మనకీ, బూడిద వాళ్ళకీనా?" అన్నది.

నాలుగు ముక్కలు చదువుకున్న నాకు జవాబు తోచలేదు.

ఇంతలో కరెంటు వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. మూడు గదుల్లో దీపాలూ ఫ్యాన్లూ ఒక్కసారి మేలుకొన్నాయి. అందరం బయటే ఉన్నాం. మోకాళ్ళు పట్టుకొని లేచింది అత్తయ్య ఒక్కతే. గదిగదికీ వెళ్ళి మీటలన్నీ ఆర్పి వచ్చింది.

"మనిషి లేని గదిలో అంత బొగ్గు తగలెయ్యటం ఎందుకురా?" అంటూ మళ్ళీ విసనకర్ర అందుకొన్నది.