మాత్ర వేశారు సరే, పురుగు చచ్చిందా?

ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ నులిపురుగుల నిర్మూలన దినం వచ్చిందంటే కొత్తపేట మండలంలో ఏ బడిలో చూసినా ఒకటే సందడి. డొక్కా సీతమ్మ గారి పేరున పెడుతున్న మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర టీచరు గారి కళ్లెదుటే నమిలిస్తారు. దేశమంతటా 2015లో మొదలైన ఈ పని మంచిదే, అందులో రెండో మాట లేదు. సాయంత్రానికి ఇంతమంది పిల్లలు, ఇన్ని మాత్రలు అని లెక్క పైకి వెళ్తుంది. కడుపులో పురుగు చచ్చిందో లేదో మాత్రం ఆ లెక్కలో ఉండదు.

మన కోనసీమలో అది తెలియడం మరీ అవసరం. బోదకాలును తరిమేందుకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రలతో పాటు ఇదే ఆల్బెండజోల్ ఏళ్ల తరబడి పెద్దలకీ వేశారు. పదేపదే ఒకే మందు పడితే దాన్ని తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. ఈ జాతి మందుల్లో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కల్లా అమెరికాలో గొర్రెల కడుపులోని పురుగులు దానికి లొంగడం మానేశాయి. మనుషుల్లోనూ అంతే అయిందని భయపెట్టడం లేదు. అయినా, మాత్రల లెక్క చూస్తూ కూర్చుంటే మనకు తెలియదు కదా!

పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మాత్ర వేయకముందు పిల్లల మలం తీసుకుని, సన్నటి జల్లెడలో వడకట్టి, 41.7 మిల్లీగ్రాములు పట్టే చిల్లున్న చిన్న అచ్చులో నింపి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపులో గుడ్లు లెక్కపెట్టాలి. రెండు మూడు వారాలకి అదే పిల్లలకి మళ్లీ చూడాలి. ఏలికపాము గుడ్లు 95 శాతం, కొంకిపురుగువి 90 శాతమన్నా తగ్గాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. తగ్గకపోతే ముందు మాత్ర నాణ్యత, పిల్లలు సరిగ్గా నమిలారా అన్నది చూసుకోవాలి. ఒక చిక్కుంది. పలక మీద కొంకిపురుగు గుడ్లు గంటలోపే కనబడకుండా పోతాయి. పలక ఇక్కడ పరిచి పరీక్షకు కాకినాడ పంపుతామంటే కుదరదు, చూసేవాళ్లే ఊళ్లోకి రావాలి.

బోదకాలు పరీక్షల కోసం ఆరోగ్య శాఖ వాళ్లు అలా వచ్చారు కదా! ఆ క్రిములు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయని, పొద్దుపోయాక ఇళ్లకొచ్చి వేలికొస గుచ్చారు. అంత పట్టుదల చూపిన శాఖకి, పగటిపూట బడిలో చేసే ఈ పని బరువు కాదు. కొత్తపేట డివిజన్‌లో నాలుగైదు బడులు ఎంచుకుని వచ్చే విడత నుంచే మొదలుపెట్టాలి. మలం డబ్బాలో పట్టివ్వమంటే ఇళ్లలో మొహం చిట్లిస్తారు, నిజమే. ప్రతి గడపా తెలిసిన ఆశా కార్యకర్తలు కూర్చుని చెబితే ఇస్తారు. వాళ్లకి ఆ పనికి తగిన డబ్బు విడిగా ఇవ్వాలి, వచ్చిన ఫలితాన్ని ఆ బడి తల్లిదండ్రుల సమావేశంలోనే చెప్పాలి.