ల్యాప్‌టాప్ కంటే ముందు ప్లస్ వన్ లెక్కల పుస్తకం



ప్లస్ టూ ఫలితాలు వచ్చినప్పటి నుంచీ మన గ్రూపు నిండా అభినందనలే. సంతోషం. ఇంజినీరింగ్‌కు వెళ్లబోయే పిల్లలకు సంఘం తరఫున ఏం చేద్దామని అడిగితే ఎక్కువమంది సన్మాన సభ, శాలువా అన్నారు. ఒకరిద్దరు ల్యాప్‌టాప్‌లు కొనిద్దామన్నారు. చదువుల సంగతి చూసుకునే మా నలుగురిదీ వేరే అభిప్రాయం. మీటింగులో పది నిమిషాల్లో చెప్పే విషయం కాదు కాబట్టి ఇక్కడ కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

ప్లస్ టూ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. మేలో ఫలితాలు. కౌన్సెలింగ్ విడతలు విడతలుగా జరిగి ఫస్టియర్ క్లాసులు మొదలయ్యేసరికి ఆగస్టు, ఒక్కోసారి సెప్టెంబరు. అంటే దాదాపు ఐదు నెలలు పిల్లలు లెక్కల పుస్తకం ముట్టుకోరు. ఈ ఐదు నెలలూ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, బెంగళూరు ఏజెంటు ఫోన్ చేశాడు, మేనమామ కంప్యూటర్ సైన్సే తీసుకోమన్నాడు, ఇదే గోల. సీటు వచ్చాక పెట్టె, పరుపు, బకెట్టు, కొత్త ఫోను. పాఠం ఎక్కడ ఆగిందో ఎవరూ అడగరు.

అది ఆగింది ప్లస్ టూలో కాదు, ప్లస్ వన్‌లో. కట్ ఆఫ్ 200లో లెక్కలకు 100, ఫిజిక్సుకు 50, కెమిస్ట్రీకి 50. అన్నీ ప్లస్ టూ మార్కులే. 2006లో చట్టం చేసి ఎంట్రన్సు తీసేసినప్పటి నుంచి ఇదే పద్ధతి. పల్లె పిల్లలకు దానివల్ల మేలే జరిగింది, దాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ ప్లస్ వన్ మార్కులు లెక్కలోకి రావు కాబట్టి చాలా స్కూళ్లు ఆ ఏడాదిని మొక్కుబడిగా నడిపి, ప్లస్ టూ పాఠాలే రెండేళ్లూ రుద్దిస్తాయి. ఆ అలవాటు మాన్పించాలనే 2018లో ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టారు. 2025లో దాన్నీ తీసేశారు.

ఇప్పుడు ఫస్టియర్ చూడండి. అన్నా యూనివర్సిటీ 2021 నియమావళిలో మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు పేరే మాట్రిసెస్ అండ్ కాల్‌క్యులస్ అని ఉండేది. ఈ రెండింటికీ పునాది మన ప్లస్ వన్ లెక్కల పుస్తకం రెండో సంపుటంలో ఉంది. మాట్రిక్సులు, వెక్టర్లు, లిమిట్లు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ వరసగా ఉంటాయి. పిల్లవాడు అవి దాటేసి ప్లస్ టూలో వాటి ప్రయోగాలను బట్టీపట్టి నూటికి తొంభై తెచ్చుకుంటాడు. కాలేజీలో లెక్చరర్ లిమిట్ల గురించి ఒక్క గంట చెప్పి, ‘ఇవన్నీ మీకు వచ్చినవే కదా’ అని ముందుకు వెళ్లిపోతాడు. అక్కడే బండి ఆగిపోతుంది. పైగా నూటికి 40 మార్కులు కాలేజీలో పెట్టే ఇంటర్నల్‌కే. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది. ఏదైనా చివర్లో చూసుకుందాంలే అనుకునే వీలు లేదు.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు త్వరణం, ద్రవ్యవేగం, మాత్రికలు అని నేర్చుకుంటారు. ప్లస్ వన్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు. కాలేజీకి వెళితే బోర్డు మీద ఇంగ్లీషు, వివరణ తమిళంలో. తమిళం అర్థం కాక కాదు, మన ఊళ్లో పుట్టినవాళ్లకు బజారు తమిళం బాగానే వచ్చు. కానీ కోయంబత్తూరులోనో చెన్నైలోనో అరవైమంది మధ్య లేచి సందేహం అడగాలంటే యాసకు నవ్వుతారేమోనని నోరు పెగలదు. మొదటి నెలలో అడగనివాడు ఆ తర్వాత కూడా అడగడు. ఈ భయం ల్యాప్‌టాప్‌తో పోదు.

తర్వాత ఏమవుతుందో మా కళ్ల ముందే చూశాం. మంచి కట్ ఆఫ్ వచ్చిన ఒక అబ్బాయి, తండ్రి నగలు కుదువబెట్టి చేర్పించాడు. మొదటి సెమిస్టర్‌లో మూడు అరియర్లు. ఇంట్లో చెప్పలేదు. సెలవులకు వచ్చినవాడు తిరిగి వెళ్లలేదు. ఇంటి మీద బెంగ అనుకున్నారు. నెల తిరక్కుండా సిప్‌కాట్‌లో పనికి కుదిరాడు. మన హోసూరులో పని దొరకడం కష్టం కాదు, చిక్కల్లా అదే. వేరే ఊళ్లో అయితే చదువు మానేసిన పిల్లవాడు ఇంట్లో ఖాళీగా కనిపిస్తాడు, నలుగురూ అడుగుతారు. ఇక్కడ జీతం తెస్తున్నాడు కదా అని అందరం ఊరుకుంటాం. నగలు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. సన్మానం డబ్బుతో జూన్ రెండో వారం నుంచి పది ఆదివారాలు సంఘం హాల్లో లెక్కల క్లాసులు పెడదాం. ప్లస్ వన్ రెండో సంపుటం తప్ప ఇంకేమీ వద్దు. ఆ పుస్తకం కొత్తది కొనక్కర్లేదు, పాఠ్యపుస్తకాల శాఖ వాళ్లు నెట్‌లో ఉచితంగానే పెట్టారు. రిటైరైన లెక్కల మేష్టార్లు మనలో ఉన్నారు, ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు. తెలుగులో అర్థం చెప్పి, ఇంగ్లీషు మాటతో కలిపి, చివరి అరగంట పిల్లల చేత తమిళంలో ప్రశ్నలు అడిగించాలి. తెలుగు సంఘంలో తమిళం నేర్పడమేమిటని ఒక పెద్దాయన ఇప్పటికే కోప్పడ్డారు. అయ్యా, పిల్ల నిలబడితే కదా భాష నిలబడేది. తమిళుల వారసత్వం మీద కూడా ఫస్టియర్‌లో పేపర్లున్నాయి. అవి మనవి కావని పిల్లలు పక్కన పెట్టనక్కర్లేదు. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు కూడా ఉన్నాయి, మనం ఈ నేలకు నిన్న వచ్చినవాళ్లం కాదు.

మిగతావి చిన్న విషయాలు. ఇంట్లో ఇదివరకు డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేకపోతే ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌కు ఇ-సేవై కేంద్రంలో ఇప్పుడే అర్జీ పెట్టండి, ట్యూషన్ ఫీజులో రాయితీ వస్తుంది. డ్రాఫ్టరు, డ్రాయింగ్ సామాను కొత్తవి కొనకండి, మన సీనియర్ల ఇళ్లలో దుమ్ము పట్టి ఉన్నాయి. ల్యాప్‌టాప్ రెండో ఏడు కొనుక్కోవచ్చు, మొదటి ఏడు పైథాన్‌కు కాలేజీ ల్యాబు చాలు. ర్యాగింగ్ గురించి అమ్మలు ఎక్కువ భయపడుతున్నారు. తమిళనాడులో దానికి 1997 నుంచే చట్టం ఉంది. 1800-180-5522 నంబరు పిల్లల ఫోనులోనే కాదు, మీ ఫోనులో కూడా పెట్టుకోండి.

ఇంకొక్కటి, మాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇప్పుడు రెండో, మూడో ఏడు చదువుతున్న మన పిల్లల్లో ఒక్కొక్కరికి ఇద్దరేసి కొత్తవాళ్లను అప్పగిద్దాం. మొదటి ఇంటర్నల్ పరీక్ష అయిన వారంలో ఆ అన్నో అక్కో ఫోన్ చేసి మార్కులు అడగాలి. తల్లిదండ్రులు అడిగితే అబద్ధం చెప్పే పిల్లలు కూడా వాళ్లకు నిజం చెబుతారు. మార్కులు తక్కువైతే సంగతి మాకు తెలియజేస్తే చాలు, దసరా సెలవుల్లో ఆ పాఠం మళ్లీ చెప్పించే పూచీ మాది. ఇంట్లో తిట్టకుండా చూసే పూచీ కూడా.

శాలువా వద్దని మేము అనడం లేదు. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక, వచ్చే ఉగాదికి కప్పుదాం. ఆ రోజు అరియర్ ఉన్నవాళ్లను కూడా పిలుద్దాం.

ఈ ఆదివారం కమిటీ కూర్చుంటుంది. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఈ ఏడు చేరబోయేవాళ్లుంటే పేరు, ఊరు శనివారం లోపు కార్యదర్శికి ఇవ్వండి. ఆడపిల్లల పేర్లు ఎక్కువగా ఆలస్యంగా వస్తాయి, వాళ్లవి ముందు ఇవ్వండి. డెంకణికోట, తళి వైపు నుంచి వచ్చే పిల్లలకు బస్సు ఛార్జీలు ఎవరు పెట్టుకుంటారో కూడా ఆ రోజే తేల్చాలి.