పాత లారీకి కొత్త బలం: కిరాయి లెక్క ఒప్పుకుంటుందా?

ధాన్యం రాకలు మొదలయ్యే ముందు లారీ యజమానులు మెకానిక్ షెడ్ల చుట్టూ తిరగడం ఏటా ఉన్నదే. ఎల్లంతకుంట మండలంలో అనంతగిరి వద్ద 3.5 టీఎంసీల అన్నపూర్ణ జలాశయం వచ్చిన తరువాత ఈ ప్రాంతపు వర్తకులకు వరి రవాణా మరింత ముఖ్యమైనది. పాత లారీకి టర్బో బిగించి గాని, పెద్ద ఇంజన్ ఎక్కించి గాని బలం పెంచితే నాలుగు ట్రిప్పులు ఎక్కువ పడతాయన్నది యజమానుల ఆశ. అందుకు అడ్వాన్సు ఇమ్మని వర్తకులను, బ్రోకర్లను అడగడమూ కద్దు. ఇవ్వబోయే ముందు లెక్క చూసుకోవడం మంచిది.

ఇంజన్ పనికి 2 లక్షల రూపాయలు అవుతుందనుకొందాము. నెలకు 20 ట్రిప్పుల చొప్పున నాలుగు నెలల సీజన్‌లో 80 ట్రిప్పులు. పెట్టుబడి ఒక్క ఏడాదిలో తిరిగి రావలెనంటే ట్రిప్పుకు 2,500 రూపాయలు అదనంగా మిగలాలి. పది టన్నుల లోడు మీద అది క్వింటాలుకు 25 రూపాయలు. అరగంట ముందు వచ్చిన లారీకి క్వింటాలుకు 25 రూపాయలు ఎక్కువ ఇచ్చే వర్తకుడు సిరిసిల్లలో గాని, సిద్దిపేటలో గాని దొరకడు.

పోనీ, ట్రిప్పులు పెరుగుతాయా అంటే, దగ్గరి రవాణాలో కాలం పోయేది రోడ్డు మీద కాదు. హమాలీలు దొరికేదాకా, కాంటా అయ్యేదాకా, మిల్లు ముందు వరుస కదిలేదాకా లారీ నిలబడే ఉంటుంది. నిలబడిన లారీకి వంద హార్స్‌పవర్ అయినా, రెండు వందలయినా ఒక్కటే.

అసలు లారీ ఎందుకు లాగడం లేదో ముందుగా తేల్చుకోవాలి. టాటా 1612 అన్న పేరులోనే 16 టన్నుల మొత్తం బరువు, సుమారు 120 హార్స్‌పవర్ అన్న లెక్క ఉన్నది. ఏళ్ల తరబడి తిరిగిన బండిలో ఆ బలం పూర్తిగా మిగలదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, నాజిళ్లు అరగడం, పంపు లెక్క తప్పడం, రింగులు పోయి కంప్రెషన్ తగ్గడం, క్లచ్ జారడం, బ్రేకులు పట్టి ఉండడం ఇందుకు సామాన్య కారణాలు. వీటిని సరిచేయిస్తే పోయిన బలం చాలావరకు తిరిగి వస్తుంది. ఖర్చు కొత్త ఇంజన్ ఖర్చులో కొద్ది భాగమే.

కొందరు పంపు తిప్పి డీజిల్ పెంచుతారు. లోపలికి వచ్చే గాలి పెరగనిదే అదనపు డీజిల్ పూర్తిగా మండదు. నల్లపొగ రూపంలో పోయేది యజమాని డబ్బే. వేడి పెరిగి పిస్టన్లకూ ముప్పు. టర్బో గాలిని పెంచే మాట నిజమే. కాని ఆ బలాన్ని రేడియేటర్, క్లచ్, గేర్‌బాక్స్, క్రౌన్ పినియన్ అన్నీ భరించాలి. బ్రేకుల సంగతీ మరువరాదు. అదే లోడుతో 40 కిలోమీటర్ల వేగానికి బదులు 50లో వచ్చే లారీని ఆపడానికి బ్రేకుల మీద పడే పని ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

బలం పెరిగితే లోడు పెంచవచ్చుననుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఇంజన్ మారినా ఆర్‌సీలో రాసిన బరువు మారదు. 2019 సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. రెండు టన్నులు ఎక్కువ వేసి పట్టుబడితే 24,000 రూపాయలు, అంటే ఆ ఇరవై క్వింటాళ్ల మీద క్వింటాలుకు 1,200. నడిపినవాడినే కాక, నడిపించినవాడినీ చట్టం వదలదని లోడు వేయించే వర్తకులు గుర్తించాలి. ఇంజన్ మార్పు సంగతి రవాణా అధికారులకు తెలియజేయకపోతే, ప్రమాదం జరిగిన రోజున బీమా క్లెయిము కూడా చిక్కులో పడవచ్చు.

జగిత్యాల మామిడి వంటి సరుకుకు లెక్క కొంత వేరు. అక్కడ దూరం ఎక్కువ, ఆలస్యమైతే సరుకు చెడుతుంది. కాబట్టి వేగానికి విలువ ఉన్నది. అయినా ఇంజన్ కొత్తదైనంత మాత్రాన లారీ వయసు తగ్గదు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే ఆంక్ష పెట్టినది. దూరపు బేరానికి పాత బండి మీద లక్షలు పోయడం కంటే, ఆ సొమ్మును తక్కువ వయసున్న బండికి మొదటి కంతుగా కట్టడం మేలు.

మా అభిప్రాయం ఇది: దగ్గరి రవాణా చేసే పాత లారీకి రిపేరు చేయించడం వ్యాపారం, బలం పెంచడం మోజు. వర్తకులు అడ్వాన్సు ఇవ్వదలిస్తే నాజిళ్లకు, బ్రేకులకు, టైర్లకు ఇవ్వాలి. లారీని ఒక రోజుకు మించి నిలబెడితే హాల్టింగ్ చార్జీ ఒప్పుకోవాలి. లారీ తొందరగా ఖాళీ అయితే, ఉన్న ఇంజనుతోనే రెండో ట్రిప్పు పడుతుంది. కిరాయి కూడా అదుపులో ఉంటుంది.