దూరవిద్య డిగ్రీని చులకన చేయరాదు

వనపర్తి: "ఇంటి వద్ద చదివిన డిగ్రీకి విలువేముంది?" అన్న మాట మన గ్రామాల్లో తరచు వినవస్తున్నది. ఇది తగదు. కళాశాలకు వెళ్లలేని వారి కోసమే 1982లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో అదే మొదటిది. నేడది అంబేద్కర్ పేరిట నడుస్తున్నది. గుర్తింపు గల దూరవిద్య డిగ్రీ కళాశాల డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. చేరేముందు ఆ గుర్తింపు ఉన్నదీ లేనిదీ విచారించుకోవాలి.

వలస పోయి, పెండ్లయి, ఇంటర్‌తో చదువు ఆపినవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. కూలి మానకుండా, పిల్లలను విడవకుండా చదువుకొనేందుకు వారికిదే దారి. అయితే పుస్తకాలు చేతికిస్తే చాలదు. ఆదివారం తరగతులు సక్రమంగా జరగాలి. ఆ వేళకు పల్లెల నుండి బస్సు నడపాలి. పుస్తకం తెరవకుండానే గట్టెక్కాలనే ధోరణి విద్యార్థులూ మానుకోవాలి. పట్టాకు విలువ తెచ్చేది చదువే.