ఊహకు పట్టా

మొన్న సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నన్ను పెరట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "మావయ్యా, ఒక సంగతి చెబుతాను. ముందు ఎవరితోనూ అననని మాటివ్వండి" అన్నాడు. పెళ్ళి సంగతి కాబోలనుకున్నాను. కాదు, వెబ్‌సైటు సంగతి.

వాడి ఆలోచన ఇది. కడియం, కడియపులంక నర్సరీల నుంచి దూరప్రాంతాలకు మొక్కలు తెప్పించుకోవాలంటే చిన్న కొనుగోలుదారుకు లారీ కిరాయే పెద్ద భారం. ఒకే దారిలో ఉన్న నాలుగైదు ఊళ్ళవారి కోరికలను వెబ్‌సైటులో పోగుచేసి, వేర్వేరు నర్సరీల మొక్కలను ఒకే లారీకి ఎక్కించి, కిరాయిని అందరికీ పంచాలి. ఎవరి వాటా ఎంతో, ఏ ఊళ్ళో ముందు దించాలో లెక్క కట్టేది కంప్యూటరు. చక్కని ఆలోచన. మెచ్చుకోబోయేంతలో అసలు మాట బయటపెట్టాడు: దీనికి పేటెంటు తీసుకుంటాడట. ఇక్కడా, అమెరికాలోనూ కలిపి పన్నెండు లక్షలవుతుందని ఎవరో సలహాదారు చెప్పాడట. మా బావగారు కోనసీమలో ఉన్న అరెకరం కొబ్బరితోటను తాకట్టు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి చెప్పిన మాటలనే కొంత సర్ది ఇక్కడ రాస్తున్నాను. మనలోనూ ఇలాంటి ఊహలు మూటగట్టుకుని కూర్చున్నవారు కొందరున్నారని నాకు తెలుసు.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. మన 1970 నాటి పేటెంటు చట్టంలో మూడవ సెక్షను "ఇవి ఆవిష్కరణలు కావు" అని ఒక జాబితా ఇస్తుంది. 2002 సవరణతో ఆ సెక్షనులో చేరి, 2003 మే నెలలో అమలులోకి వచ్చిన (కె) క్లాజు ప్రకారం గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, కేవలం కంప్యూటరు ప్రోగ్రాములు, అల్గారిథములు ఆవిష్కరణలు కావు. ఇందులో "కేవలం" అన్న మాట ప్రోగ్రాములకు మాత్రమే ఉంది. ఒక ప్రోగ్రాము యంత్రం పనితీరులో సాంకేతికమైన మార్పు తెస్తే దానికి పేటెంటు దొరికే అవకాశం కొంత ఉంది. వ్యాపార పద్ధతికి ఆ సందు కూడా లేదు. 2004 డిసెంబరులో ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో ప్రోగ్రాముల విషయంలో తలుపు కాస్త వారగా తెరవబోయింది. 2005లో పార్లమెంటు దాన్ని ఒప్పుకోక పాత మాటలనే నిలబెట్టింది.

ఇది కాగితం మీది మాటేనా అంటే కాదు. శోధన ఫలితాలలో ఎక్కువ సొమ్ము పాడిన ప్రకటనదారుకు పైస్థానం ఇచ్చే పద్ధతికి యాహూ సంస్థ మన దేశంలో పేటెంటు కోరింది. రీడిఫ్ వారు అడ్డుచెప్పారు. పేటెంటు కార్యాలయం నిరాకరించింది. చెన్నైలో విచారించిన మేధోసంపత్తి అప్పీళ్ళ బోర్డు కూడా 2011 డిసెంబరులో ఇది వ్యాపార పద్ధతేనని తేల్చింది. కంప్యూటరు మీద నడిచినంత మాత్రాన వ్యాపారం యంత్రమైపోదు. అంతటి సంస్థకు దొరకనిది కడియం లారీ కిరాయి లెక్కకు దొరుకుతుందా? 2023లో ఓపెన్‌టీవీ అనే సంస్థ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు కూడా వ్యాపార పద్ధతుల మీది నిషేధం సంపూర్ణమైనదేనని చెప్పింది. అయితే ఈ నిషేధం ఈ కాలానికి తగినదేనా అన్నది పునఃపరిశీలించాలని కూడా ఆ తీర్పు సూచించింది. కనుక నా అభిప్రాయమే సర్వసమ్మతమని చెప్పను.

అమెరికా సంగతి వేరు కదా అన్నాడు మావాడు. ఒకప్పుడు వేరే. ఒక్క నొక్కుతో సరుకు కొనే పద్ధతికి అమెజాన్‌కు 1999 సెప్టెంబరులో పేటెంటు వచ్చింది. నెల తిరగకుండానే బార్న్స్ అండ్ నోబుల్ మీద దావా పడింది. ఆ పుస్తకాల దుకాణంవారు కొంతకాలం తమ గిరాకీదారు చేత అదనంగా ఒక మీట నొక్కించవలసి వచ్చింది! 2017లో ఆ పేటెంటు గడువు తీరింది. ఈలోగా 2014లో ఆలిస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, పాత ఊహకు కంప్యూటరు తగిలించినంత మాత్రాన పేటెంటు రాదని చెప్పడంతో అలాంటివి ఎన్నో రాలిపోయాయి. మావాడి సలహాదారు 2014కు ముందే ఆగిపోయినట్టున్నాడు.

ఆ సలహాదారు ఇంకొక మాట కూడా అన్నాడట: "ఆరు వారాల్లో నంబరు చేతికొస్తుంది". వస్తుంది. దరఖాస్తు పెట్టిన ప్రతివాడికీ దరఖాస్తు సంఖ్య వస్తుంది. అది పేటెంటు కాదు. మామూలుగా పద్దెనిమిది నెలలకు దరఖాస్తు ప్రచురితమవుతుంది. అప్పుడు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. విడిగా కోరితేనే పరీక్ష జరుగుతుంది. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, మామూలు పరీక్షకు 4,000. తక్కినదంతా రాసిపెట్టేవారి ప్రతిఫలం. నిజమైన ఆవిష్కరణకు ఆ రాత చాలా విలువైన పనే, కాదనను. కాని చట్టం గుమ్మంలోనే ఆపేసే ఊహకు ఎంత బాగా రాసినా ఏం లాభం?

ఇంతవరకు చట్టం. ఇక న్యాయం.

చట్టం ఇలా ఉండడమే మంచిదని నా నమ్మకం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకోండి. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే విద్యను కావేరి మీది కల్లణై కట్టిన పూర్వుల నుంచి నేర్చుకున్నామని కాటన్ దొరే ఒప్పుకున్నాడు. ఆ విద్యకు ఎవరో పట్టా పుచ్చుకుని ఉంటే మన డెల్టా ఏమయ్యేది? మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, గోదావరి గట్లు దాటి తూర్పు భారతమంతా పాకి బంగ్లాదేశ్ పొలాలకు కూడా చేరింది. దాన్ని అడ్డగించే హక్కు ఎవరికీ లేకపోవడం వల్లనే అంత దూరం నడిచింది. మనం తెలుగులో రాసుకుంటున్న ఈ అంతర్జాలం సంగతీ అంతే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించకపోతే మీరెక్కడ, నేనెక్కడ?

మావాడు దీనికి మంచి జవాబే చెప్పాడు. "మార్టేరు శాస్త్రవేత్తకు సర్కారు జీతమిచ్చింది మావయ్యా. కాటన్ దొరకు కుంపిణీ ఇచ్చింది. నాకెవరిస్తారు? రేపు కోట్లున్నవాడు నా పద్ధతిని ఎత్తుకుపోతే నేనేం కావాలి?"

ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. వాడి భయం నిజమైనది. కాని ఆ భయానికి పేటెంటు మందు కాదనే నా వాదన. ఒకవేళ దొరికినా, కోట్లున్నవాడి మీద ఏళ్ళ తరబడి దావా నడపడానికి ఇంకెన్ని కొబ్బరితోటలు కావాలి?

మరి ఏది కాపాడుతుంది? ఆత్రేయపురం పూతరేకులు దారి చూపిస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బియ్యపు పిండి జావను కుండ మీద రేకుగా తీసే పనిని ఎవరూ ఎవరికీ నిషేధించలేదు. ఎక్కడైనా చేసుకోవచ్చు. ఎక్కడో చేసి "ఆత్రేయపురం" అని అమ్మడమే కుదరదు. అంటే రక్షణ దొరికింది ఊహకు కాదు, పేరుకు, ఆ పేరు వెనుక తరాలుగా పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ చేతిపనికి. మావాడు కూడా పేరుకు ట్రేడ్‌మార్కు తీసుకోవచ్చు. వాడు రాసిన ప్రోగ్రాముకు రాసిన క్షణం నుంచే కాపీరైటు ఉంటుంది. భాగస్వాములతో ఒప్పందం రాసుకోవచ్చు. వీటన్నిటికంటే పెద్ద రక్షణ, పది నర్సరీల యజమానులు వాడి మాట నమ్మి మొక్కలు లారీకెక్కించడం. ఆ నమ్మకాన్ని కోట్లున్నవాడు కూడా రాత్రికి రాత్రి నకలు తీయలేడు.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2001 ప్రాంతంలో మా చుట్టుపక్కల ఊళ్ళ పాత పుస్తకాలను, ఏది ఎవరింట్లో ఉందో తెలిసేలా ఒక వెబ్‌సైటులో జాబితా కట్టాలని నాకొక ఊహ వచ్చింది. ఎవరైనా తస్కరిస్తారేమోనని మూడేళ్ళు నోటుపుస్తకంలో దాచాను. ఈలోగా పుస్తకాలకు చెదలు పట్టాయి, కొన్ని తూకానికి పోయాయి, వాటి సంగతి తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నా ఊహను ఎవరూ దొంగిలించలేదు. దాచి దాచి నేనే చంపుకున్నాను. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే భద్రంగా ఉంది.

మర్నాడు మామా అల్లుళ్ళం కడియం వెళ్ళాము. అక్కడొక లారీ ఆఫీసులో పెద్దాయనకు ఈ పద్ధతి వివరిస్తే, ఆయన నవ్వి, "మేం ఫోనుమీద చేసేది అదేనండి. కాకపోతే లెక్క దగ్గరే రోజూ తగువు. ఆ లెక్కేదో మీవాడు తేల్చిపెడితే రేపట్నుంచే వాడతాం" అన్నాడు. కొత్తదనం పోయిందని మావాడి మొహం మొదట వాడిపోయింది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆయన చెప్పిన తగువులన్నీ వరుసగా కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాడు.

తోట తాకట్టు ఆగింది. ఈ నాలుగు మాటలూ మీకు చెప్పవచ్చా అని నిన్న ఫోనులో అడిగితే, "చెప్పండి మావయ్యా. అయితే మొక్కలు కావలసినవాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పమనండి" అన్నాడు.